లాకు ఉంటేనే తెలుగు

పాతికేళ్ల కిందట విజయవాడలో డీటీపీ సెంటరు పెట్టుకున్నవాళ్లు రాత్రి షట్టరు దించే ముందు రెండు పనులు మరిచిపోయేవాళ్లు కాదు. గల్లాపెట్టెలో డబ్బు లెక్క చూసుకోవడం ఒకటి. కంప్యూటరు వెనక్కి చేయి పోనిచ్చి, ప్రింటరు పోర్టుకు బిగించిన లాకును విప్పి, అదే గల్లాపెట్టెలో పెట్టి తాళం వేయడం రెండోది.

లాకంటే అరచేతిలో ఇమిడిపోయే ప్లాస్టిక్ ముక్క. ఒక వైపు 25 పిన్నులు, రెండో వైపు 25 రంధ్రాలు, అటూ ఇటూ రెండు చిన్న మరలు. నేను పనిచేసిన సెంటరులో కంప్యూటరుకూ ప్రింటరు కేబులుకూ నడుమ దాన్ని బిగించేవాళ్లం. ప్రింటరుకు పోయే సమాచారాన్ని తనలోంచి పోనిచ్చేది. లోపల ఉన్న చిప్పుకు మాత్రం వేరే పని ఉండేది. తెలుగు సాఫ్ట్‌వేరు తెరిచినప్పుడల్లా అది పోర్టుకు ఒక ప్రశ్న పంపేది. లాకు నుంచి సరైన జవాబొస్తేనే కీబోర్డు తెలుగులోకి మారేది. పని మధ్యలో కూడా ఉండుండి అడిగేది. జవాబు రాకపోతే ఆ పూటకు షాపులో తెలుగు లేనట్టే. ఇంగ్లీషు విజిటింగ్ కార్డులు వేసుకోవచ్చు గానీ ఒక్క శుభలేఖ కూడా వేయలేం.

ఫోను కొన్న రోజునే తెలుగులో మెసేజి పెట్టగలిగే ఈ కాలం పిల్లలకు ఇది వింతగా ఉంటుంది. అప్పట్లో కంప్యూటరుతో పాటు తెలుగు వచ్చేది కాదు, విడిగా కొనుక్కోవాలి. మొదట్లో సి-డాక్ అనే సంస్థ వాళ్ల జిస్ట్ కార్డు ఉండేది. దాన్ని మిషను లోపల స్లాటులో గుచ్చితే డాస్ ప్రోగ్రాముల్లో భారతీయ లిపులు కనిపించేవి. విండోస్, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ వచ్చాక ఒక్కో కంపెనీ ఒక్కో తెలుగు తెచ్చింది. భారతీయ లిపుల్లో ఏ అక్షరానికి ఏ అంకె అనేది చెప్పే ఇస్కీ అనే జాతీయ ప్రమాణం 1991లోనే ఉంది. అదే ఏడాది, ప్రపంచ లిపులన్నిటి కోసం వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనూ తెలుగుకు చోటుంది. కానీ మా పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియదు. 2001లో వచ్చిన చివరి వెర్షన్ 7.0 దాకా తెలియలేదు. దాంతో కంపెనీలు ఇంగ్లీషు ఫాంటులో ఉండే 256 గదుల్లోనే తెలుగును సర్దాయి. తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తు అంటూ అక్షరాలను ముక్కలు చేసి, ఏ ముక్కను ఏ గదిలో పెట్టాలో ఎవరికి వారే నిర్ణయించుకున్నారు. ఒక కంపెనీ 'కి' పెట్టిన గదిలో ఇంకో కంపెనీ 'ళ' ఒత్తు పెట్టి ఉండవచ్చు.

కాబట్టి మా హార్డ్ డిస్కులో ఉన్నది నిజానికి తెలుగు కాదు. ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, యూరప్ భాషల చుక్కల అక్షరాలు కలగలిసిన వరస. ఆ కంపెనీ ఫాంటు తొడిగితేనే అది తెలుగయ్యేది. మేం వాడిన సాఫ్ట్‌వేరు ఆ ఫాంట్లను సైతం లాకును చూశాకే విండోస్‌కు అందించేది. లాకు బిగించింది సాఫ్ట్‌వేరును కాపాడటానికే. కానీ ఆ సాఫ్ట్‌వేరుతో మేం కొట్టిన ప్రతి అక్షరం మీదా, ఆ అక్షరాలు రాసినవాళ్ల సొత్తు మీదా దాని అధికారం నడిచింది. ఇన్నేళ్లలో నాకు తగ్గని బాధ ఇదే.

ఆ సెంటర్ల బతుకు మాత్రం గొప్పగా ఉండేది. మాఘమాసం వస్తే శుభలేఖలు, ఉగాదికి ముందు పంచాంగాలు, బడులు తెరిచే వేళకు గైడ్లు, ఎన్నికలొస్తే రాత్రంతా కరపత్రాలు. ఆపరేటర్ల వేళ్లు కీబోర్డు చూడకుండానే సంయుక్తాక్షరాలు కొట్టేవి. తెలుగు అక్షరాల అమరికల్లో యాపిల్ కీబోర్డు వచ్చిన ఆపరేటరు ఒక ధర, మాడ్యులర్ వచ్చిన ఆపరేటరు ఇంకో ధర పలికేవాళ్లు. ప్రూఫులు దిద్దే పెద్దాయన ఎర్ర పెన్ను పట్టుకుని పక్క బల్ల మీద కూర్చునేవారు. అరసున్నా పోయినా ఊరుకునేవారు కాదు. అన్నీ సరి అయ్యాక బటర్ పేపరు మీద అద్దంలో చూసినట్టు తిరగేసి లేజర్ ప్రింటు తీసేవాళ్లం. దాన్నుంచి ఆఫ్‌సెట్ ప్లేటు చేసేవాళ్లు. రిటైరైన తెలుగు మాస్టర్లు లాంగ్ నోటుబుక్కుల నిండా రాసుకున్న జీవితకాలపు పని చంకన పెట్టుకుని వచ్చేవారు. సొంత డబ్బుతో అయిదు వందల కాపీలు వేయించుకుంటే వాళ్లకదే పండగ. వాళ్లు కుర్చీ లాక్కుని స్క్రీను వంక చూస్తూ, తమ వాక్యం తెరమీద తెలుగులో పడుతుంటే కళ్లద్దాలు తుడుచుకోవడం నేను చాలాసార్లు చూశాను.

బ్యాకప్ అనేది ఆ బతుకులో సంధ్యావందనమంత నియమంగా జరిగేది. మొదట్లో 1.44 ఎంబీ ఫ్లాపీలు. పెద్ద పుస్తకం ఒక్క ఫ్లాపీలో పట్టదు గనక ఏఆర్‌జే ప్రోగ్రాముతో ముక్కలు చేసి వరసగా ఎక్కించేవాళ్లం. ఆ వరసలో ఒక్క ఫ్లాపీకి బూజు పట్టినా పుస్తకం మొత్తం పోయినట్టే అనుకోవాలి. అందుకే రెండు సెట్లు తీసి, ఒకటి షాపులో, ఒకటి ఓనరుగారి ఇంట్లో. తర్వాత సీడీ రైటరొచ్చింది. 650 ఎంబీ అంటే ఏడాది పనంతా ఒక బిళ్లలోకి వచ్చేసింది. పైన మార్కరుతో నెల, పని ఇచ్చిన పార్టీ పేరు, పుస్తకం పేరు రాసి పెట్టెలో నిలబెట్టేవాళ్లం. ఇంత చేసినా ఫ్లాపీల్లోకి, సీడీల్లోకి రానిది ఒకటి ఉండేది. లాకుకు నకలు లేదు.

లాకులకు ముందు, అదే పని చేసే కీ ఫ్లాపీల కాలం. ఆ ఫ్లాపీలో మామూలు డిస్క్‌కాపీకి చిక్కని చోట ఒక గుర్తు ఉండేది. కొన్ని ప్రోగ్రాములు ఇన్‌స్టాల్ చేసినప్పుడల్లా ఫ్లాపీలో ఒక లెక్క తగ్గించుకునేవి. మిషను మార్చాలంటే ముందు పాత మిషనులోంచి తీసేసి ఆ లెక్కను ఫ్లాపీలోకి తిరిగి ఎక్కించుకోవాలి. హార్డ్ డిస్కు చెప్పాపెట్టకుండా పోతే ఆ లెక్క దానితోనే పోయినట్టే. అమెరికాలో లోటస్ 1-2-3 లాంటి పేరున్న ప్రోగ్రాములకే ఈ పద్ధతి ఉండేది. దాన్ని తప్పించి నకలు తీయడానికి కాపీ టూ పీసీ అనే ప్రోగ్రాము అక్కడ అంగళ్లలో బాహాటంగా అమ్మేవారు. అలాంటి కాపీ ప్రోగ్రాము మీద నడిచిన దావాలో 1988లో అక్కడి అప్పీలు కోర్టు, కొన్నవాడు భద్రత కోసం నకలు తీసుకోవడం తప్పు కాదని తేల్చింది.

లాకు ఎంత ముఖ్యమో ఊరందరికీ తెలిసొచ్చింది 1999 ఏప్రిల్ 26న. చెర్నోబిల్ వైరస్ అన్నారు, అసలు పేరు సీఐహెచ్. ఆ రోజు ఆన్ చేసిన మిషన్లలో, వైరస్ ఉన్నవాటి హార్డ్ డిస్కు మొదటి ఒక మెగాబైటు చెరిగిపోయింది. ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టీలు ఉండేది సరిగ్గా అక్కడే. కొన్ని బోర్డుల్లో బయాస్ చిప్పును కూడా చెరిపేసింది. ఆ మిషన్లు ఆన్ చేస్తే నల్ల తెర, చడీచప్పుడు లేదు. అసలే పెళ్లిళ్ల రోజులు. మా హార్డ్‌వేరు కుర్రాడు స్కూటరు మీద షాపు నుంచి షాపుకు తిరుగుతూనే ఉన్నాడు. చొక్కా జేబులో బూట్ ఫ్లాపీ, ప్యాంటు జేబులో స్టారు స్క్రూడ్రైవరు. మా ఓనరుగారిని "బాబాయ్" అనేవాడు. డిస్కులో పట్టీలు ఆ మెగాబైటు దాటి కూడా ఉండే ఫ్యాట్ 32 పద్ధతి అయితే, "బాబాయ్, రెండో పట్టీ బతికుంటుంది, నేను చూస్తాలే" అని కూర్చుని నిజంగానే తెచ్చేవాడు. మా డేటా అలాగే వచ్చింది. బోర్డు మాత్రం కొత్తది వేయాల్సి వచ్చింది.

అప్పుడు మొదలైంది అసలు పని. డేటా ఉంది, బ్యాకప్ ఉంది, కొత్త బోర్డు ఉంది, లాకూ ఉంది. సాఫ్ట్‌వేరు మాత్రం లాకు లేదంటోంది. కొత్త బోర్డులో ప్రింటరు పోర్టు ఈసీపీ పద్ధతిలో సెట్టయి ఉందని, పాత లాకుకు మామూలు పద్ధతి మాత్రమే తెలుసని కనుక్కునేసరికి రాత్రి పదయింది. బయాస్‌లోకి వెళ్లి 'నార్మల్' అని మార్చి, అడ్రసు 378 దగ్గరే ఉందో లేదో చూసి, మళ్లీ ఆన్ చేస్తే తెరమీద తెలుగు వచ్చింది. వీధి చివర టీ కొట్టులో మిగిలిన టీ అంతా ఆ రాత్రి మా షాపుకే వచ్చింది.

తర్వాత తర్వాత ఆ కుర్రాడి చేతికి ఘోస్ట్ వచ్చింది. న్యూజిలాండ్‌లో పుట్టి, 1998లో నార్టన్ వాళ్ల కంపెనీ సిమాంటెక్ చేతికి వెళ్లిన ప్రోగ్రాము అది. హార్డ్ డిస్కు మొత్తాన్ని ఒకే ఫైలుగా నకలు తీస్తుంది. విండోస్, పేజ్‌మేకర్, ఫాంట్లు, సెట్టింగులు, పార్టీల ఫోల్డర్లు అన్నీ అందులోనే. డిస్కు పోతే కొత్త డిస్కులో ఆ ఫైలు విప్పితే చాలు, నిన్నటి షాపు నిన్నటిలాగే తెరుచుకుంటుంది. బోర్డు కూడా మారితే మాత్రం అంత తేలిక కాదు. విండోస్ 98 పాత బోర్డు గురించిన లెక్కలన్నీ రిజిస్ట్రీలో దాచుకునేది. మావాడు నకలు తీసే ముందే ఎన్యూమ్ అనే కొమ్మను రిజిస్ట్రీలోంచి తీసేసేవాడు. కొత్త బోర్డు మీద లేచిన విండోస్ ప్రతి చిప్పునూ కొత్తగా చూసి, పేరు పేరునా డ్రైవరు అడిగేది. గంట సేపు సీడీలు మార్చడమే పని. విండోస్ ఎక్స్‌పీలో ఆ ఉపాయం పనిచేయలేదు. డిస్కు కంట్రోలరు మారితే నీలి తెర వచ్చేది, చివర 7బీ అని అంకె. సీడీ పెట్టి రిపేర్ ఇన్‌స్టాల్ చేయాలి. ఆ మీదట మిషను చాలా మారిందంటూ విండోస్ మళ్లీ యాక్టివేషన్ అడుగుతుంది. ఇక లాకు సంగతి సరేసరి. విండోస్ 98లో ప్రోగ్రాము నేరుగా పోర్టుతో మాట్లాడగలిగేది. ఎక్స్‌పీ ఆ చనువు ఇవ్వదు, మధ్యలో లాకు డ్రైవరు కావాలి. మా పాత వెర్షన్‌కు ఎక్స్‌పీ డ్రైవరు లేదు. కొత్త వెర్షన్ కొనుక్కోమన్నారు. కొన్నాం. కొత్త లాకు ఇచ్చారు. పాత ఫైళ్లను తెరిస్తే కొన్ని ఒత్తులు పక్క గదుల్లోకి వెళ్లిపోయి ఉన్నాయి.

బిల్లు పెట్టి, పూర్తి ధర కట్టి కొన్నవాళ్లం మేము. వీధిలో మరి రెండు షాపులవాళ్లు లాకు అక్కర్లేకుండా చేసిన సీడీ ఎక్కడో సంపాదించారు. వాళ్లు మిషను మార్చినప్పుడు కాఫీ తాగి వచ్చేలోపు పనైపోయేది. మాకు రోజులు పట్టేది. లాకు పోగొట్టుకుంటే నకలు ఇచ్చేవారు కాదు, మొత్తం మళ్లీ కొనాల్సి వచ్చేది. మిషను ఆన్‌లో ఉండగా విప్పితే ఒక్కోసారి చిప్పు కాలిపోయేది. అలా కాలిన లాకును పార్సిలు చేసి పంపి, కొత్తది వచ్చేదాకా పార్టీలకు ఏదో ఒకటి చెప్పుకుంటూ కూర్చున్న షాపులున్నాయి. సాఫ్ట్‌వేరు తయారుచేసినవాళ్ల కష్టం నేను కాదనను. తెలుగు ఫాంటు గీయడానికి ఎంత పనితనం కావాలో దగ్గర్నుంచి చూశాను. దొంగ కాపీలు వాళ్లను నిజంగానే ముంచాయి. అయినా నిజాయతీగా కొన్నవాడికే ఎక్కువ బరువు పడే ఏర్పాటు న్యాయం కాదు.

మన చట్టం కొన్నవాడి పక్షానే ఉంది. 1957 కాపీరైటు చట్టం 52వ సెక్షన్‌లో 1994 సవరణతో ఒక నిబంధన స్పష్టంగా చేరింది. ప్రోగ్రామును న్యాయంగా కలిగి ఉన్నవాడు అది పోయినా పాడైనా పనికొచ్చేలా బ్యాకప్ నకలు తీసుకోవడం ఉల్లంఘన కాదు. 2012 సవరణలో వచ్చిన 65ఎ సెక్షన్ రక్షణ ఏర్పాట్లను ఛేదించడాన్ని నేరం చేసింది గానీ, హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో చేస్తేనే. అమెరికాలోనైతే 2003లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఇచ్చిన మినహాయింపుల్లో లాకుల ప్రస్తావనే ఉంది. లాకు పాడైపోయి, కాలం చెల్లి, దాని బదులు మరొకటి దొరక్కపోతే దాన్ని తప్పించి ప్రోగ్రాము వాడుకోవచ్చన్నారు. విజయవాడ ఏలూరు రోడ్డులో సెంటరు నడుపుకునేవాళ్లకు ఈ సెక్షన్ల గురించి చెప్పినవాళ్లు లేరు. చెప్పినా, చట్టం ఇచ్చిన హక్కును పోర్టుకు బిగించిన చిప్పు వింటుందా?

తర్వాత బోర్డుల మీదనుంచి ప్రింటరు పోర్టే మాయమైంది. ప్రింటర్లన్నీ యూఎస్‌బీకి మారాక కంపెనీలు ఆ 25 రంధ్రాల పోర్టు పెట్టడం మానేశాయి. యూఎస్‌బీ నుంచి ప్రింటరు పోర్టుకు మార్చే కేబులు కొన్నాం. అది ప్రింటరుకు మాత్రమే పనికొస్తుంది, లాకు అడిగే పాత అడ్రసు దానికి ఉండదు. పీసీఐ కార్డు వేస్తే పోర్టు వచ్చింది కానీ అడ్రసు వేరే. సాఫ్ట్‌వేరు 378 దగ్గరికి వెళ్లి తలుపు కొట్టి, ఎవరూ లేరని వెనక్కి వచ్చేసేది. 64 బిట్ల విండోస్ వచ్చాక పాత 16 బిట్ల ఇన్‌స్టాలర్లు అసలు కదలనే లేదు. ఆ సరికి పేజ్‌మేకర్ కూడా ఆగిపోయింది. వీధిలో ఒక్కొక్క సెంటరే జెరాక్స్ షాపుగానో ఫ్లెక్సీల షాపుగానో మారింది. మా ఓనరుగారు కూడా సెంటరు మూసి, మిషన్లు పాత సామాన్ల వాడికి ఇచ్చేశారు. సీడీల పెట్టె, హార్డ్ డిస్కులు, లాకు మాత్రం నాకిచ్చారు.

2011లో ఒక మాస్టారు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. కృష్ణా జిల్లా ఊళ్లలో తిరిగి ఏరిన సామెతల పుస్తకం ఆయనది. మా దగ్గరే వేయించారు. కాపీలన్నీ అయిపోయాయి, రెండో ముద్రణకు ఒకాయన డబ్బు ఇస్తానన్నాడట. రాతప్రతిని ఆనాడే అచ్చయ్యాక చెదలు తినేశాయి. "సీడీ మీ దగ్గర ఉంటుందన్నారమ్మా" అన్నారు.

"ఉందండీ మాస్టారూ. కానీ తెరవాలంటే పాత మిషనుండాలి, లాకు పనిచేయాలి."

"నా సామెతలకు లాకేమిటమ్మా?"

దానికి నా దగ్గర జవాబు లేదు. హార్డ్‌వేరు కుర్రాడికి ఫోన్ చేశాను. అప్పటికి అతనికి సొంత షాపు ఉంది, స్కూటరు పోయి కారొచ్చింది. మర్నాడు పొద్దున్నే వచ్చాడు. పాత హార్డ్ డిస్కును అడాప్టరుతో తన ల్యాప్‌టాపుకు తగిలించి ముందు పూర్తి నకలు తీశాడు. అసలు డిస్కును ఇక ముట్టుకోనివ్వలేదు. తర్వాత తెలిసిన ప్రెస్సులో మూల పడేసి ఉన్న పెంటియం మిషనును తెచ్చాడు. బోర్డు మీద కెపాసిటర్లు ఉబ్బి ఉన్నాయి. అవి మార్చి, నకలు ఎక్కించి, ఎన్యూమ్ కొమ్మ తీసేసి, పోర్టును నార్మల్‌లో పెట్టి, లాకు బిగించాడు. అప్పుడు ఆన్ చేశాడు. డ్రైవర్లన్నీ అడిగి అడిగి విండోస్ లేచింది. సాఫ్ట్‌వేరు లాకును చూసింది. పేజ్‌మేకర్‌లో మాస్టారి పుస్తకం, ఆయన చివర్లో దిద్దించిన మార్పులతో సహా తెరుచుకుంది.

పేజీలన్నిటినీ పోస్ట్‌స్క్రిప్ట్‌గా తీసి పీడీఎఫ్ చేశాం. ఇప్పటి ప్రెస్సుకు అది చాలు. కానీ మాస్టారికి కొత్త సామెతలు కలపాలని ఉంది. అంటే అక్షరాలను ఆ ఫాంటు చెరలోంచి యూనికోడ్‌లోకి తేవాలి. అప్పటికే తెలుగు మీద ప్రేమతో కొందరు కుర్రాళ్లు పాత ఫాంట్ల నుంచి యూనికోడ్‌కు మార్చే ప్రోగ్రాములు ఉచితంగా పెట్టారు. తెలుగు వికీపీడియా 2003లో మొదలైన నాటి నుంచీ ఇలాంటి పని చేసేవాళ్లు పెరుగుతూ వచ్చారు. వాళ్ల పుణ్యమా అని నూటికి తొంభై పాళ్లు పనైంది. మిగతాది చేత్తో దిద్దాం. పాత ఫాంటులో 'క్కి' అంటే ముందు 'కి', దాని కింద క ఒత్తు. యూనికోడ్‌లో రెండు 'క'లు అయ్యాకే గుడి రావాలి. సంయుక్తాక్షరం వచ్చిన ప్రతిచోటా ప్రోగ్రాము ఆ వరస మార్చాలి. మూడేసి హల్లులున్న చోట తడబడింది. 'స్త్రీ' వచ్చిన ప్రతి సామెతా విడిగా చూశాం. ఆడవాళ్ల గురించిన సామెతలు ఎన్ని ఉన్నాయో అప్పుడు తెలిసింది. అందులో కొన్నిటిని రెండో ముద్రణలో ఎందుకు ఉంచాలో వివరిస్తూ మాస్టారు కొత్తగా ఒక ముందుమాట రాశారు.

మాస్టారి పుస్తకం అలా బయటికి వచ్చిందని విన్నవాళ్లు ఇంకొందరు వచ్చారు. ఊరి చరిత్ర రాసుకున్నాయన, వాళ్ల నాన్నగారి హరికథలు వేయించిన ఒకావిడ, పదకోశం సగంలో ఆగిపోయిన లెక్చరరు. మా లాకుతో కొట్టినవన్నీ దాదాపుగా వచ్చాయి. వేరే కంపెనీల తెలుగులో కొట్టినవి తెచ్చినప్పుడే చిక్కు. ఫైలు ఉంటుంది, ఫాంటు ఉండదు. ఫాంటు ఉంటే లాకు ఉండదు. లాకు ఎప్పుడో మిషనుతో పాటే పాత సామాన్లలోకి పోయి ఉంటుంది. అలాంటివాటికి అచ్చు కాపీ ఎక్కడైనా ఉందేమో వెతికిస్తున్నాను. దొరికితే స్కాన్ చేసి, యంత్రంతో చదివించి, తప్పులు చేత్తో దిద్దుతున్నాం. హరికథలకు బందరులో ఒక దాత ఇంట్లో కాపీ దొరికింది. పదకోశం అసలు అచ్చే కాలేదు. దాని ఫైలు మాత్రం నా దగ్గరుంది. అక్షరాల వాడుక లెక్క కట్టి, ఏ గదిలో ఏ ముక్క ఉందో ఊహిస్తూ, ఒక ఇంజనీరింగ్ విద్యార్థితో కలిసి పట్టిక తయారుచేస్తున్నాం. 'అ' నుంచి 'ఔ' దాకా అచ్చులన్నీ తేలాయి. హల్లుల్లో సగం అయ్యాయి.